కొసరు అంకె

మధ్యాహ్నం రెండూ పదికి మట్టాలక్క గొంతు ఊరంతా మోగిపోయింది. సరిగ్గా ఆ సమయానికి మట్టాలక్క రేడియో స్టేషన్ నేలమాళిగలో, స్టుడియో పక్కనున్న వాష్‌బేసిన్ ముందు వంగి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది.

జలుబు చేసి నాలుగు రోజులైంది. గొంతు గీరుకుపోయి, నోరు తెరిస్తే తుప్పుపట్టిన తలుపు తీసినట్టుంది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం అయిదున్నరకి నది నీటిమట్టాలు చదివే గొంతది. నది పొడుగునా పద్దెనిమిది చోట్ల కొలబద్దలు పాతి ఉన్నాయి. ఒక్కోదాని దగ్గర ఒక్కో మనిషి. వాళ్ళు నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి ఫోన్లో అంకె చెబుతారు. ఈవిడ ఆ అంకెలు రేడియోలో చదువుతుంది. పడవలవాళ్ళు, గట్టు కింద ఇళ్ళవాళ్ళు పనులాపి వింటారు. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఊరందరికీ ఆవిడ మట్టాలక్కే.

"అమ్మాయ్, నువ్విక్కడే ఉన్నావా?" అంటూ వైర్ల బాబాయ్ రొప్పుతూ మెట్లు దిగాడు. స్టుడియోలో మైకులు, మీటలు చూసే పెద్దాయన. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట ఎప్పుడూ రెండు వైరు ముక్కలుంటాయి.

"ఇక్కడ కాకపోతే ఎక్కడుంటాను బాబాయ్?"

"మరైతే ఇందులో ఉన్నదెవరే?"

సెల్‌ఫోను ఆమె ముందు పెట్టాడు. ఇదే స్టుడియో, ఇదే కుర్చీ, మైకు ముందు తనే. ముఖం కాస్త నున్నగా ఉంది. గొంతు మాత్రం తేనె పోసినట్టుంది. 'ఎగువ ఆనకట్ట బీటలు వారింది. ప్రభుత్వం దాస్తోంది. తూర్పు గట్టు మీద ఉన్నవాళ్ళంతా సాయంత్రం లోగా వంతెన దాటి పడమటికి వెళ్ళిపోండి. ఇంకో గంటలో నాచేత ఇదంతా అబద్ధమని చెప్పిస్తారు. నా వెనకాల మనుషులున్నారు. నేనే చెప్పినా సరే, నమ్మకండి.'

మట్టాలక్క మళ్ళీ నోట్లో పోసుకున్న ఉప్పునీళ్ళు అలాగే మింగేసింది.

"ఆనకట్టకి ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. పైన టీవీలో చూపిస్తున్నారు, గోడ నిక్షేపంలా ఉంది. పాత బొమ్మ వేశారంటున్నారు జనం. బీటలు కనబడే వీడియోలు ఇంకో మూడు తిరుగుతున్నాయి. ఏది పాతదో, ఏది పుట్టనే పుట్టలేదో చెప్పేవాడెవడు?"

పావుగంట తిరక్కుండా భద్రతా అధికారి దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా మడత నలగలేదు, మొహం మాత్రం రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్నట్టుంది. వెనకాలే ఇద్దరు సిపాయిలు. వాళ్ళు లోపలికి రాలేదు. బయట నిలబడి ఇనప తలుపు మూశారు. గడియ పడిన చప్పుడు వినబడింది.

"ఆ తలుపెందుకు సార్ వేశారు?"

"మీ రక్షణ కోసం."

"గడియ బయటినుంచి వేశారే?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీ గొంతు రికార్డులు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"ఇరవై రెండేళ్ళుగా రోజూ గాల్లోకి వదులుతున్నాను. రేడియో కొనుక్కున్న ప్రతివాడి దగ్గరా ఉన్నాయి."

"మీరు ఎవరికైనా ఇచ్చారా అని అడుగుతున్నాను."

"దొంగకి తాళం చెవి ఇచ్చావా అని అడుగుతున్నారు. నా ఇంటికి తలుపే లేదు సార్."

వైర్ల బాబాయ్ దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. అధికారి నవ్వలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. ఖండన. నాలుగు వాక్యాలు. రెండూ యాభైకి మైకు ముందు పెట్టి చదివించాడు. మొదటి వాక్యం గరగరలాడింది. రెండోది కీచుమంది. మూడోదానికి దగ్గు తెర వచ్చి నాలుగోదాన్ని మింగేసింది.

బాబాయ్ ఫోను చూస్తూ జనం రాస్తున్నది చదివి వినిపించాడు. "'చూశారా, చెప్పినట్టే చెప్పించారు.' 'ఇది అక్క గొంతే కాదు, మిషను.' 'గొంతు నొక్కి పట్టుకున్నారు, వినబడటం లేదా?' 'స్టేషన్‌కి రండి, అక్కని విడిపిద్దాం.'" ఫోను బల్లమీద పెట్టేశాడు. "ఆ దొంగది నీకంటే నీలా ఉందే అమ్మాయ్. దానికి జలుబు చెయ్యదు."

మట్టాలక్క అరవకపోతే దొంగ గొంతే నిలుస్తుంది. అరిస్తే దొంగ గొంతు చెప్పిన జోస్యం నిజమవుతుంది. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒక పక్కకి జారే వీలుంటుంది.

అప్పుడే ఆమె సెల్ మోగింది. తమ్ముడు. అధికారి కళ్ళతోనే అనుమతి ఇచ్చి, స్పీకర్ పెట్టమని వేలు చూపించాడు.

"అక్కా! తప్పించుకున్నావా? నిన్నేం చేశారు?"

"నన్నెవరూ ఏమీ చెయ్యలేదురా. నువ్వెక్కడున్నావు?"

అవతల కార్ల హారన్లు, ఎవరిదో పిల్లాడి ఏడుపు. "ఎవరు మీరు?"

"నేనేరా. జలుబు చేసింది. వంతెన మీదున్నావా?"

"మా అక్క గొంతు నాకు తెలీదా? సరే, చిన్నప్పుడు నా చెయ్యి ఎలా విరిగింది?"

"అటక మీంచి దూకావు. అమ్మకి మాత్రం మంచం మీంచి పడ్డావని చెప్పాం."

"అది పోయినేడు నా పెళ్ళిరోజు వీడియోలో నేనే చెప్పాను. లోకమంతా చూసింది. ఇంకేమైనా ఉంటే చెప్పు."

ఆమె నోరు తెరిచింది. కుక్క పేరు, బడి పేరు, ఇద్దరూ దాచుకున్న దొంగతనాలు... ఒక్కొక్కటీ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. అన్నీ వాడు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో అక్కడ పెట్టినవే. ఇంట్లోదంటూ ఒక్క జ్ఞాపకం మిగల్లేదు. ఈలోగా దగ్గు వచ్చింది.

వెనకనుంచి అమ్మ గొంతు సన్నగా వినబడింది. "ఒరేయ్, ఆ దగ్గు నా కూతురిదేరా! ఫోనిటివ్వు!"

"నువ్వూరుకో అమ్మా, నీకు తెలీదు. ఇప్పుడు దగ్గు కూడా చేస్తున్నారు." ఫోను తెగిపోయింది.

మళ్ళీ కలపబోతే గీతలు పోయాయి. ఫోను మీద సంకేతమే లేదు.

"సెల్ నెట్‌వర్క్ ఆపించేశాం," అన్నాడు అధికారి. ఆ మాటలో కాస్త గర్వం ఉంది. "క్లిప్పు ఇక పాకదు."

"పాకాల్సినంత పాకింది కదా సార్! ఇప్పుడు వాళ్ళ చెవిలో మిగిలిన ఆఖరి మాట అదే. దానికి మీరు తాళం వేసి పెట్టారు."

అధికారి మొదటిసారి ఆమె మొహంలోకి సరిగ్గా చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"వినండి. సరిహద్దులో అవతలివాళ్ళు మూడు రోజులుగా బలగాలు పోగేస్తున్నారు. మన సైన్యం బండ్లు పడమటి గట్టు మీద నిలబడి ఉన్నాయి. సాయంత్రం ఆరింటిలోపు తూర్పుకి దాటాలి. ఉన్నది ఒక్క వంతెన. దానిమీద ఇప్పుడు ఎనిమిది వేల మంది ఉన్నారు. అవతలివాళ్ళకి కావలసింది మీ జనం చావడం కాదు, వంతెన మూసుకుపోవడం. అది ఒక్క తూటా పేల్చకుండా చేశారు."

"మరి జనాన్ని ఎలా తప్పిస్తారు?"

"అయిదున్నర దాకా చూస్తారు. తర్వాత ముందు భారీ బండి కదులుతుంది. కార్లని పక్కకి తోసుకుంటూ పోతుంది."

"పక్కకంటే?"

వంతెనకి పక్కన ఏముందో నీటిమట్టాలు చదివే మనిషికి చెప్పాల్సిన పని లేదు.

ఆ బండ్ల మధ్యలో ఎక్కడో ముక్కుతూ మూలిగే పాత నీలం కారుంది. ముందు తమ్ముడూ మరదలూ, వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని అమ్మ. గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

పైన ఏదో ధబ్బుమంది. మళ్ళీ ఒకటి. వెలుతురు కోసం కప్పు దగ్గర పెట్టిన అద్దం పగిలి, ముక్కలు నేలమీద రాలాయి. దాంతోపాటు అరుపులు కూడా లోపలికి వచ్చాయి. "అక్కని వదలండి! మట్టాలక్కని వదలండి!"

"నిన్ను కాపాడ్డానికొచ్చి నీ నెత్తినే రాళ్ళేస్తున్నారు," అన్నాడు బాబాయ్, ఆమె జుట్టులోంచి గాజు పెంకు తీస్తూ. "అభిమానమంటే ఇదేనే అమ్మాయ్."

"నన్ను పైకి తీసుకెళ్ళండి. కళ్ళారా చూస్తారు."

"చూసి ఏమనుకుంటారు?" అన్నాడు అధికారి. "విడిపించుకున్నాం అనుకుంటారు. మీరు నోరు విప్పితే, భయపడి చెబుతోందంటారు. మీరిక గాల్లోకి ఒక్క మాట అనకూడదు. అది పై నుంచి వచ్చిన ఆజ్ఞ."

తలుపుకి గడియ, నెత్తిన రాళ్ళు. మట్టాలక్క బల్ల దగ్గర కూలబడింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నిలబడ్డానికి రెండు గంటలు కూడా లేవు. తను ఇన్నేళ్ళలో నోటితో అన్న ప్రతి మాటా గాల్లోకి పోయింది, ఎవడో దాన్ని పట్టుకుని మూట కట్టాడు. తమ్ముడి జ్ఞాపకాలూ అంతే. ఎక్కడికీ పోనిది, ఎవరికీ చెప్పనిది తన దగ్గర ఏముంది?

చెయ్యి అలవాటుగా సొరుగులోకి పోయింది. పెన్సిలూ, పొడుగాటి నోటుపుస్తకమూ తగిలాయి.

"కొసరు!" అంది పైకే.

"ఏమిటది?" అన్నాడు అధికారి.

"రేడియోలో నేను మీటర్లు, దాని తర్వాత ఒక్క అంకె చదువుతాను సార్. నాలుగు మీటర్ల రెండు అంటాను. కొలబద్దవాళ్ళు నాకు ఇంకో అంకె కూడా చెబుతారు, సెంటీమీటర్లది. అది చదవను. కొసరు అంటాం దాన్ని. అసలు రేడియోకి, కొసరు నాకు."

"చదవనిది ఎందుకు అడుగుతారు?"

"మనిషి నిజంగా గట్టు దిగి చూశాడా, మంచం మీద పడుకుని చెప్పాడా అని తెలుసుకోవడానికి. చూసినవాడికి మూడొస్తుంది, ఎనిమిదొస్తుంది, ఏదైనా వస్తుంది. చూడనివాడికి ఎప్పుడూ సున్నానో అయిదో వస్తుంది. ఇది ఈ పుస్తకంలో ఉంది, వాళ్ళ పలకల మీద ఉంది. ఏ రికార్డులోనూ లేదు."

వైర్ల బాబాయ్ అప్పటికే లేచి, గోడకున్న పాత డబ్బా మీద దుమ్ము దులుపుతున్నాడు. పద్దెనిమిది మీటలు, పద్దెనిమిది ల్యాండ్‌లైన్లు. సెల్ కట్టేసినా ఇవి బతికే ఉన్నాయి.

"మీ గొంతు గాల్లోకి..." అంటూ అధికారి లేచాడు.

"నాది పోదు సార్. వాళ్ళ గొంతులు పోతాయి. ఒక్కొక్కడికీ వాడి గట్టు మీద వందమంది ఎరిగినవాళ్ళుంటారు."

"రేపు వాళ్ళ గొంతులూ తయారుచేస్తారు."

"రేపు చేస్తారు. ఇవాళ్టికి వాళ్ళ చేతిలో ఉన్నది నాదొక్కటే. పైగా వీళ్ళు కంటికి కనబడతారు. నేను ఫలానా చోట నీళ్ళల్లో నిలబడ్డాను, వచ్చి చూసుకోండి అంటారు. అనుమానమున్నవాడు వెళ్ళి చూస్తాడు."

అధికారి గడియారం చూశాడు. తలుపు చూశాడు. చివరికి కుర్చీలో కూర్చున్నాడు. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఒకటో మీట నొక్కింది. ఆనకట్ట కిందనే ఉండే తాత చాలాసేపటికి ఎత్తాడు.

"ఎవరు?"

"నేను తాతా, మట్టాలక్కని."

"అబ్బో! మధ్యాహ్నం నించి నా మనవరాలి ఫోన్లో నువ్వే, ఇప్పుడు నా ఫోన్లోనూ నువ్వేనా? మనిషివా, మిషనువా?"

"నిన్న నీ అసలు నాలుగు మీటర్ల రెండు. కొసరు ఆరు. మొన్న కొసరు తొమ్మిది. అటు మొన్న ఒకటన్నావు, కళ్ళజోడు మరిచిపోయానని మళ్ళీ చేసి ఏడన్నావు."

"గొంతు అలా అయిందేమే తల్లీ? వేడినీళ్ళు తాగట్లేదా?"

మట్టాలక్క కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ ఒక్క పూటలో తనని తనేనని నమ్మిన రెండో మనిషి. "తాగుతాలే తాతా. ఆనకట్ట సంగతి చెప్పు."

"ఎదురుగానే ఉంది. దాని పిట్టగోడ మీదే నా పంచె ఆరేశాను. బీటలు వారుంటే పంచె తెచ్చుకోనా?"

"అదే మాట రేడియోలో చెప్పు. ముందు దిగి అంకె చూసి రా."

నాలుగూ ఇరవైకి తాత పంచె గాల్లోకి వెళ్ళింది. తర్వాత రెండో కొలబద్ద, మూడోది. కొందరు ఒక్క కొసరుకే నమ్మారు. అయిదో కొలబద్దావిడ మాత్రం వారం రోజుల కొసర్లు అప్పజెప్పించుకుంది, బళ్ళో పంతులమ్మ ఎక్కాలు అడిగినట్టు. ఒక్కొక్కరూ తమ చోటు, నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె చెప్పి, 'వచ్చి చూసుకోండి' అన్నారు. బాబాయ్ మీటలు ఎత్తుతూ దించుతూ చెమటలు కక్కాడు. పైన రాళ్ళు తగ్గాయి. వంతెన మాత్రం కదల్లేదని అధికారి చేతిలోని వైర్‌లెస్ గరగరలాడుతూ చెబుతూనే ఉంది. వంతెన మీదివాళ్ళకి ఆనకట్ట కనబడదు, తాత పంచే కనబడదు. వాళ్ళకి కనబడేది పదకొండో కొలబద్ద ఒక్కటే. వంతెన మొదటి స్తంభానికే ఉంటుందది.

మట్టాలక్క వేలు పదకొండో మీట మీద ఆగింది.

"నొక్కవేం?" అన్నాడు బాబాయ్.

ఆమె పుస్తకం అతని వైపు తిప్పింది. పదకొండో వరసలో మూడు నెలలుగా అయిదు, సున్నా, సున్నా, అయిదు. ఆ మనిషి గట్టు దిగడం మానేశాడని ఆమెకి తెలుసు. చెబితే వాడి ఉద్యోగం పోతుంది. రేపు మందలిద్దాం, ఎల్లుండి మందలిద్దాం అనుకుంటూ రోజూ ఆ దొంగ అంకె తన బంగారు గొంతుతో చదివింది. ఊహించి చెప్పిందాన్ని కళ్ళారా చూసినట్టు ఊరికి వినిపించింది. మధ్యాహ్నం నించి తను తిట్టుకుంటున్న ఆ దొంగ గొంతు చేసిందీ అదే కదా.

మీట నొక్కింది. పాతిక మోతల తర్వాత ఎవరో ఎత్తారు.

"హలో, పదకొండు, రెండు మీటర్ల నాలుగు, కొసరు అయిదు," అన్నాడు అవతలి మనిషి, ఒక్క ఊపిరిలో.

"నేనింకా అడగలేదు తమ్ముడూ."

"...అక్కా?"

"నువ్వు అందరితోపాటు పారిపోలేదా?"

"పోదామనే అనుకున్నానక్కా. బండి తాళం ఈ గదిలో మర్చిపోయాను. దానికోసమొస్తే ఫోను మోగుతోంది."

"నీళ్ళు చూశావా?"

"చూశాను. రెండు నాలుగు..."

"మూడు నెలల్నించి నీకు సున్నా, అయిదు తప్ప ఇంకో అంకె పుట్టలేదు. అంకెలన్నీ కరువైపోయాయా? దిగు. ఇవాళ దిగి చూడు. వంతెన మీద మా అమ్మ ఉంది."

"మెట్లు విరిగిపోయాయక్కా," అన్నాడు సన్నగా. "రెండుసార్లు కాగితం పెట్టాను. ఎవరూ రాలేదు. ఒకసారి జారి నీళ్ళల్లో పడ్డాను. అప్పట్నించి భయం."

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వడగలేదుగా."

రిసీవర్ బల్లమీద పెట్టిన చప్పుడు. అడుగులు దూరమయ్యాయి. ఇక గాలి, నీళ్ళ హోరు, పైన వేల గొంతుల రొద, హారన్లు. మట్టాలక్క వింటూ కూర్చుంది. నేలమాళిగలో నాలుగు గోడల మధ్య ఆమెకి ఉన్న కిటికీ ఆ ఒక్క రిసీవరే.

ఉన్నట్టుండి మూడు హారన్లు, ముక్కుతూ, ఒకదాని వెనక ఒకటి. ఆమె ఉలిక్కిపడింది. ఇంటి గేటు ముందు నిలబడి ప్రతిసారీ కొట్టే ఆ మూడు మోతలు ఆమెకి తెలుసు. తమ్ముడి నీలం కారు. కాసేపాగి మళ్ళీ మూడు. ఈసారి ఇంకో కారు కూడా కొట్టింది, ఇంకోటీ కొట్టింది.

"ఎందుకలా కొడుతున్నారు?" అన్నాడు అధికారి.

వైర్ల బాబాయ్ తల గోక్కున్నాడు. "ఈ లైను పది నిమిషాలనుంచి గాల్లోనే ఉంది సార్. దించడం మర్చిపోయాను. కార్లలో రేడియో పెట్టుకున్నవాళ్ళకి వాళ్ళ హారనే వాళ్ళకి వినబడుతోంది."

అధికారి మొహం నల్లబడింది. "ఈవిడ మాటలు కూడా వెళ్ళాయా?"

"సున్నా, అయిదు దగ్గర్నించి మొత్తం."

"కట్ చెయ్యండి!"

"వద్దు సార్," అంది మట్టాలక్క. "వాళ్ళు కొట్టి చూసుకుంటున్నారు. రేడియోలో ఉన్నది ఇప్పటిదో, ఎవడో వండిందో హారన్ కొట్టి తేల్చుకుంటున్నారు. కొట్టనివ్వండి."

అధికారి చెయ్యి మీట మీదే ఉండిపోయింది. హారన్లు ఆగాయి. "అడుగో, కొలబద్ద దగ్గర ఎవడో దిగుతున్నాడు!" అని వంతెన మీంచి ఎవరో అరిచారు. "మెట్టు విరిగింది, చూసుకో!" "పట్టుకోరా, పట్టుకో!" ఏదో నీళ్ళల్లో పడింది. మట్టాలక్క కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర జనం నవ్వారు. ఎనిమిది వేలమంది భయంలో ఉండి కూడా నవ్వారు.

తడిసిన అడుగులు దగ్గరకొచ్చాయి.

"అక్కా," అన్నాడు వగరుస్తూ. "చెప్పు పోయింది. రెండు మీటర్ల ఏడు. కొసరు రెండు."

మట్టాలక్క చూపు పుస్తకం మీదికి పోయింది. రెండు ఏడు! నిన్న తను రేడియోలో చదివింది రెండు నాలుగు. ఒక్కరోజులో ముప్ఫై సెంటీమీటర్లు పెరిగిందని వంతెన మీద ప్రతి కారులోనూ ఇప్పుడే వినబడింది. అంటే ఆనకట్ట తెగిందనేగా! పైన నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి కేక పెట్టింది.

"కట్ చెయ్యండి!" అన్నాడు అధికారి మళ్ళీ.

"తమ్ముడూ," అంది మట్టాలక్క. "నిన్నటి రెండు నాలుగు నువ్వు చూసి చెప్పావా?"

"...అక్కా, ఇది రేడియోలో వస్తోందా?"

"వస్తోంది."

"నా ఉద్యోగం పోతుందక్కా."

"పోతుంది. నాదీ పోతుంది. నువ్వు చూడలేదని నాకు తెలుసు. తెలిసీ మూడు నెలలు చదివాను. ఇప్పుడు చెప్పు. నిన్న చూశావా?"

హోరులో అతని ఏడుపు కలిసిపోయింది. "చూళ్ళేదు. మూడు నెలల్నించి చూళ్ళేదు. రెండు నాలుగు నేను అల్లింది. ఇవాళే చూశాను. స్తంభానికి రెండు ఏడు దగ్గర నాచు పట్టి ఉంది. నీళ్ళు నిన్నా ఇక్కడే ఉన్నాయి, మొన్నా ఇక్కడే ఉన్నాయి. లేకపోతే నాచెలా పడుతుంది? అబద్ధమైతే మీరే దిగి చూసుకోండి, నన్ను తన్నండి!"

మట్టాలక్క దగ్గింది. గుక్క తిరక్కుండా, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా, వంగిపోయి దగ్గింది. అదీ గాల్లోకి వెళ్ళింది.

మొదట తిట్లు వినబడ్డాయి. "దొంగ సచ్చినోడా!" "మూడు నెలలా!" "వీణ్ణి నమ్మి పడవలు వదిలాం!" ఎవరో చెప్పు విసిరినట్టున్నారు, రిసీవర్ పక్కన ఠప్పుమంది. తర్వాత ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు స్తంభం దగ్గరకి దిగిన చప్పుడు. "నాచు ఉందిరా! ముదురు నాచు!" ఇంకాసేపటికి ఒక ఇంజన్ ఆడింది. తర్వాత ఇంకోటి.

అయిదూ పదికి వైర్‌లెస్‌లో ఎవరో అన్నారు: "తూర్పు వైపు తోక కదిలింది. కార్లు వెనక్కి తిరుగుతున్నాయి."

అయిదూ నలభై ఎనిమిదికి వంతెన ఖాళీ అయింది. అప్పటికే తోపులాటలో పక్కకమ్మీ ఊడి పదకొండు మంది ఆస్పత్రిలో చేరారు. భారీ బండి తోసుకుంటూ పోలేదు, మామూలుగా దాటింది. చప్పట్లు కొట్టడానికి గట్టు మీద ఎవరూ లేరు. ఇళ్ళకి పోయారు.

అధికారి పెన్సిలూ నోటుపుస్తకమూ తీసి ప్లాస్టిక్ సంచిలో వేశాడు. సంచి మీద 'అతి రహస్యం' అని రాశాడు.

"అది నాది," అంది మట్టాలక్క.

"ఇక ప్రభుత్వానిది. ఇలాంటిది ప్రతి విభాగంలోనూ ఒకటి ఉండాలని రాస్తాను. మీరు ఈ దేశానికి..." అని ఆగాడు. పొగడ్త ఆయనకి అలవాటు లేని పని. "తప్పుడు అంకెలు చదివినందుకు మీ మీద విచారణ ఉంటుంది. రేడియోలో మీరే ఒప్పుకున్నారు. అది తేలేదాకా, ఆ గొంతు తయారుచేసినవాడు దొరికేదాకా, మీరిక్కడే. మంచం వేయిస్తాను."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను."

"రేడియోలో?"

"మీ గొంతు ఇంకెప్పుడూ రాదు. నిజమైనది కూడా. ఏది ఏదో జనం ప్రతిసారీ హారన్ కొట్టి తేల్చుకోలేరు కదా."

ఆయన వెళ్ళాడు. గడియ పడింది, బయటినుంచే.

మర్నాడు బులెటిన్‌కి మట్టాలక్క లేదు. పద్దెనిమిది మంది ఎవరి అంకె వాళ్ళే చదివారు, బాబాయ్ మీటలు ఎత్తాడు, ఆమె స్టుడియో గాజు వెనక మంచం మీద కూర్చుని వింది. అంతకు ముందే అమ్మ ఆఫీసు లైనుకి ఫోను చేసింది. ముందు తమ్ముడు అందుకుని, "అక్కేనా?" అన్నాడు, ఇంకా అనుమానంగానే. అమ్మ ఫోను లాక్కుంది. "ఏదీ, ఓసారి దగ్గవే," అంది. దగ్గింది. "అదేరా," అంది అమ్మ.

బులెటిన్ అయ్యాక పదకొండో మీట దగ్గర దీపం వెలిగింది. ఎవరూ చూడకుండా బాబాయ్ రిసీవర్ ఆమె చేతికిచ్చాడు.

"అక్కా, కొత్త మనిషి రేపొస్తాడంట. ఇవాళ్టికి నేనే. రేడియోలో రెండు ఆరన్నాను. కొసరు ఏడు."

"దిగావా?"

"దిగాను. మోకాలు దోక్కుపోయింది. చూపిద్దామంటే కనబడవుగా."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఏడు, ఏడు అనుకుంటూ సొరుగు లాగింది. పెన్సిల్ లేదు, పుస్తకం లేదు. చెయ్యి కాసేపు ఖాళీ సొరుగులో వెతికి, అక్కడే ఆగిపోయింది.

"రాసుకున్నావా అక్కా?" అన్నాడు అవతలి మనిషి.

"రాసుకున్నాను," అంది మట్టాలక్క.